మావాడు బాప్తిస్మం ఇప్పుడే వద్దన్నడు

మా పెద్దోడికి 16 నిండినయ్. ఈ డిసెంబర్ల ఊరికి వస్తరు గదా, క్రిస్మస్‌కు ముందే వానికి బాప్తిస్మం ఇప్పిద్దాం అని మా అత్తమ్మ ఎప్పటి సందో అంటనే ఉంది, అయ్యగారితో, అంటే పాస్టర్‌తో కూడ మాట్లాడి పెట్టింది, తెల్లబట్టలు కుట్టియ్యాలె కొలతలు పంపుండ్రి అని వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ కూడ వచ్చింది. వాడు అది విని, "నాకు నమ్మకం ఉందో లేదో నాకే తెల్వదు మమ్మీ, అందరి ముందట నిలబడి ఉంది అని చెప్తే అబద్ధం ఐతది, నేను చెప్పను" అన్నడు. అరవలే, తలుపు ధడేల్న వెయ్యలే. అంత నిమ్మలంగ చెప్పిండు కాబట్టే మాకు ఎక్కువ భయమైంది.

మా సంగతి తెల్వనోళ్ల కోసం ఒక ముక్క. మాది నల్లగొండ జిల్లా దేవరకొండ దిక్కు, ఇప్పుడు ఉండేది అమెరికాల డాలస్‌ల. చర్చి ఎం.బి., అంటే మెన్నోనైట్ బ్రదరన్. నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, పాలమూరు, ఈ పట్టంతా మా చర్చిలు మస్తుగ ఉంటయ్. సీఎస్ఐ వాళ్లు, క్యాథలిక్ వాళ్లు పసిపిల్లలకే బాప్తిస్మం ఇస్తరు, మాకట్ల కాదు. పిల్ల పుట్టినంక ప్రతిష్ఠ ప్రార్థన చేసి ఊకుంటరు, బాప్తిస్మం మాత్రం తెలివొచ్చినంక, సంఘం ముందట సాక్ష్యం చెప్పి, నీళ్లల్ల మొత్తం ముంచుడే. మా అత్తమ్మ వాళ్ల కాలంల చెరువుకో వాగుకో పోయేటోళ్లు, ఇప్పుడు చాన చర్చిలల్ల తొట్టి కట్టిన్రు. బాప్తిస్మం అయితేనే ప్రభువు బల్ల, అంటే చర్చిల రొట్టె, ద్రాక్షరసం తీసుకునుడు, అయితేనే రేపు చర్చిల పెళ్లి. అందుకే ఊర్ల వాళ్లకు ఇది వాని మనసు సంగతి ఒక్కటే కాదు, లెక్కల పేరు ఎక్కుడు లాంటిది, ఆలస్యమైతే "ఏమైంది మీ పిలగానికి" అని నలుగురు అడుగుతరు.

ఈ డౌటు అమెరికాల పుట్టింది అని మా బంధువులందరి తీర్పు. "తీసుకపోయి పాడు చేసిన్రు" అని ఒకామె ఫోన్ల మొకం మీదనే అన్నది. కాదు. అది మర్రిగూడ దిక్కు పుట్టింది.

పోయినసారి ఊరికొచ్చినప్పుడు మా మామయ్య వాళ్ల అన్న, అంటే మావానికి పెద్దతాత, ఆయన్ని చూడనీకి పోయినం. నల్లగొండ ఫ్లోరైడ్ సంగతి తెలుగోళ్లకు చెప్పే పని లేదు. ఆయన నడుము సగానికి వంగిపోయింది, మెడ బిగుసుకపోయి అటు ఇటు తిరగది, ఎవరన్న పిలిస్తే మనిషి మనిషే తిరగాలె. మావాడు చూస్తే తాటిచెట్టు లెక్క పెరిగిండు. పెద్దతాత వాని మొకం చూద్దామని తల ఎత్తబోతే మెడ లేవలే, కళ్లు మాత్రం పైకి పోయినయ్, తెల్లగుడ్డు కనబడింది. వాడు చటుక్కున ఆయన కాళ్ల కాడ బండ మీద కూసున్నడు. అప్పుడు ఆయన వాని చెంపలు నిమిరి "మీ తాత పోలికే బిడ్డా" అన్నడు. వేళ్లు కూడ సక్కగ చాపలేకపోతున్నడు.

ఆ పొద్దుమీకి ఇంట్ల ప్రార్థన పెట్టిన్రు. ప్రార్థన చేసినాయన, మంచాయనే, ప్రేమతోనే చేసిండు, కానీ మధ్యల "ఈ కుటుంబంల పితరుల పాపాలు ఏమన్న ఉంటే క్షమించు తండ్రీ, ఈ శాపం తొలగించు" అన్నడు. మావానికి తెలుగు రాదు అనుకుంటరు అందరు, మాట్లాడుడు సరిగ రాదు గని అన్నీ సమజైతయ్. కార్ల అడిగిండు, "పెద్దతాత చేసిన పాపం ఏంది మమ్మీ, బోరు నీళ్లు తాగుడా?"

వాడు రాత్రంతా ఫోన్ల చదివిండు. ఈ నేల గ్రానైట్, ఆ రాయిల ఫ్లోరైడ్ ఉంటది, నీళ్లల్లకు దిగుతది, వానలు లేక బోర్లు ఎంత లోతుకు వేస్తే అంత ఎక్కువ వచ్చుడు, లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు అంటే ఇక్కడ ఎన్నో ఊర్లల్ల అంతకు ఎన్నో రెట్లు ఉండె. పటిక, సున్నం కలిపి నీళ్లు శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచంల పేరే నల్లగొండ టెక్నిక్. ఇప్పుడు కృష్ణ నీళ్లు నల్లాల వస్తున్నయ్, ఎముకల్ల పట్టింది మాత్రం పోదు. పొద్దున చాయ్ తాగుకుంట వాడు అడిగింది ఒక్కటే: "రాయిని చేసింది ఎవరు మరి?"

నేను పాస్టర్‌ను కాదు, వేదాంతం చదవలే. నాకు యాదికొచ్చింది యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం, పుట్టుగుడ్డి ఆయన్ని చూసి శిష్యులు అచ్చం మన ప్రార్థన చేసినాయన లెక్కనే అడుగుతరు, పాపం ఈయనదా వీళ్ల అమ్మానాన్నలదా అని. వీనిది కాదు, వాళ్లది కాదు అంటడు యేసు. అది చూపిచ్చిన. వాడు చదివి, ఆ తర్వాత మాట కూడ చదివి, దేవుని క్రియలు ఇతని మీద కనబడాలె అని ఉంది గదా, అంటే చూపియ్యనీకి ఒక మనిషిని అన్నేండ్లు గుడ్డిగ ఉంచుడా, పెద్దతాత కాడ మరి ఏం కనబడింది అన్నడు. నా దగ్గర జవాబు లేదు. లేదు అనే చెప్పిన.

ఇంకో ప్రశ్న చిన్నది గని గుచ్చుకునేది. మా అమ్మ వాళ్ల అక్క కుటుంబం చర్చికి రాలే, ఆమె ఇప్పటికీ బతుకమ్మ పేరుస్తది, సద్దుల నాడు పెరుగన్నం, పులిహోర ముద్దలు కలిపి వీనికి పెట్టింది. ఆ పెద్దమ్మమ్మ నరకానికి పోతదా అని అడిగిండు. ఆ తీర్పు మన చేతుల పెట్టలే దేవుడు, పెడితే నేను వద్దంట అని చెప్పిన. ఇప్పటికీ అదే చెప్త.

ఇక్కడ డాలస్‌ల మా తెలుగు ఫెలోషిప్ సంగతి. అమెరికన్ల ఆరాధన అయిపోయినంక మధ్యాహ్నం వాళ్ల హాలే కిరాయికి తీసుకుంటం, ఆరాధన, తర్వాత అన్నం పప్పు చికెన్, అందరం కలిసి తినుడు. మావాడు కీబోర్డు వాయించేటోడు. సంగతి తెలిసినంక ఒక పెద్దాయన సందేహం ఉన్నోడు స్టేజీ మీద ఉండొద్దు అన్నడు, ఇంకొకాయన సైతాను శోధన అన్నడు, మరొకాయన యూట్యూబ్ వీడియోలు వరుసపెట్టి పంపిండు, సైన్స్ తప్పు బైబిల్ రైట్ అని వాదించేటివి. నేను రెండు చూసిన. నా అభిప్రాయం, అవి ముందే నమ్మినోళ్లు చప్పట్లు కొట్టనీకి చేసినయ్, అడిగేటోని కోసం కాదు. మావాడైతే మొదటి దాంట్లనే మూడు తప్పులు పట్టిండు.

ఇంత లొల్లి అయినంకనే నేను మా చర్చి పుట్టుక చదువుడు మొదలువెట్టిన, నిజం చెప్పాలంటే మా అత్తమ్మకు జవాబు చెప్పనీకే. 1525ల జ్యూరిక్‌ల కొంతమంది, పసిపిల్లకు ఏం తెలుసని బాప్తిస్మం, ఎవరి విశ్వాసం వాళ్లే ఒప్పుకోవాలె అని పెద్దోళ్లయినంక మళ్ల బాప్తిస్మం తీసుకున్నరు. ఊరి పెద్దలకు కోపమొచ్చి మళ్ల బాప్తిస్మం ఇచ్చేటోళ్లను నీళ్లల్ల ముంచి చంపుండ్రి అని హుకుం వేసిన్రు, 1527 జనవరిల ఫెలిక్స్ మాంజ్ అనే ఆయన్ని లిమ్మాత్ నదిల ముంచి చంపిన్రు. ఇగ మెన్నోనైట్ అనే పేరు ఎవరి మీద వచ్చిందో ఆ మెన్నో సైమన్స్, క్యాథలిక్ ఫాదర్‌గ ఉన్నప్పుడే బల్ల మీది రొట్టె నిజంగనే క్రీస్తు శరీరం అయితదా అని ఒక డౌటు, పసిపిల్లల బాప్తిస్మం మీద ఒక డౌటు, ఏండ్లకేండ్లు లోపల పెట్టుకొని తిరిగి 1536ల బయటికి వచ్చినాయన. వాళ్ల వారసులు రష్యా దిక్కు పోయి 1860ల ఎం.బి. అయిన్రు, అక్కడి నుంచే ఫ్రీసెన్ అనే మిషనరీ దంపతులు 1890 ప్రాంతంల నల్లగొండకు వచ్చిన్రు, ఆ తర్వాత అమెరికా వాళ్లు వచ్చి నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తిల మిషన్ కాంపౌండ్లు కట్టిన్రు.

వీడియో కాల్‌ల అత్తమ్మకు ఇదంతా చెప్పి, చూడు అత్తమ్మా, బలవంతపు బాప్తిస్మం వద్దని ప్రాణాలిచ్చినోళ్ల చర్చి మనది, పిలగాడు నమ్మకం కుదరంది మునగను అంటున్నడు, మనందరి కన్న వాడే అసలు ఎం.బి. అన్న. ఆమె అంతా విన్నది. విని, "మంచిదే బిడ్డా, అయితే ఎప్పుడు కుదురుతదట?" అన్నది. దర్జీకి మాత్రం ఇంకా వద్దని చెప్పలేదట.

బళ్లె వీని తెలుగు దోస్తులే "మీ వాళ్లు బియ్యం కోసం మారిన్రు" అన్నరట, నవ్వులాటకే. అది విని నాకు కడుపు మండింది. మా తాతను ఊరి బడి గడప తొక్కనియ్యలే, ఓనమాలు దిద్దిచ్చింది మిషన్ బడే, బువ్వ కోసమే అయితే బువ్వతోనే ఆగిపోయేటోళ్లు గదా అని వానికి వివరంగ చెప్పిన. వాడు నా మాట తీసెయ్యలే, కానీ "అది థాంక్స్ చెప్పనీకి కారణం మమ్మీ, నమ్మనీకి కారణం కాదు" అన్నడు. ఇప్పటికీ దాని మీద ఆలోచిస్తున్న.

ఇప్పుడు ఇంట్ల ఎట్ల నడుస్తుందంటే, రాత్రి కుటుంబ ప్రార్థనకు వాడు కూసుంటడు. వాని వంతు వచ్చినప్పుడు ప్రార్థన చెయ్యకపోయినా నడుస్తది, వాక్యం చదువుతడు, ఏది చదవాలెనో వాడే ఏరుకుంటడు. 88వ కీర్తన దొరికింది వానికి, మొదటి నుంచి చివరి దాక మొర పెట్టుకునుడే, ముగింపు కూడ చీకటి తోనే, మిగతా కీర్తనల లెక్క చివరికి స్తోత్రం లేదు. "ఈయన యాక్టింగ్ చేస్తలేడు" అన్నడు. మత్తయి ఆఖరి అధ్యాయంల, లేచిన యేసును కళ్లార చూసి మొక్కినోళ్లల్ల కూడ కొందరు సందేహపడిన్రు అని ఉంటది. చిన్నప్పటి సంది ఎన్ని ప్రసంగాలు విన్ననో, ఆ మాట మీద ఎవరన్న ఆగి చెప్పంగ నేను వినలే. సందేహపడినోళ్లను పక్కన నిలబెట్టి మిగతా వాళ్లనే పంపిండు అని లేదు అక్కడ, అందరినీ కలిపే పంపిండు.

ఫెలోషిప్‌ల కీబోర్డు పోయింది, ప్రొజెక్టర్ పని ఇచ్చిన్రు. తెలుగు చదవరాదు కాబట్టి పాటలన్నీ ఇంగ్లీష్ అక్షరాలల్ల టైపు చేసి తెర మీద వేస్తడు, స్పెల్లింగ్ తప్పులకు నాతోని కొట్లాడుతడు.

మా ఆయనకు నాకు ఒక్క కాడ పడుతలేదు. 18 వచ్చేదాక ఆదివారం ఫెలోషిప్‌కు రావాల్సిందే, ఇంట్ల ప్రార్థన వాని ఇష్టం అంటడు ఆయన. నేను దానికి ఉల్టా, ఫెలోషిప్ వాని ఇష్టం, ఇంట్ల మాత్రం మా పక్కన కూసోవాలె అంట. ప్రస్తుతానికి రెండూ నడుస్తున్నయ్, మావాడు కూడ ఇంకా రెండిట్ల ఏదీ మానలే.