ఎండని చేప

ఆదివారం, నల్లగొండ.

భోజనాలయ్యాక, సెలవులకని దేవరకొండ నుంచి వచ్చిన మా అక్క కూతురు, పిల్లల కథల్లోని విన్నీ ద పూ అనే ఎలుగుబంటిని హంతకుడిగా చూపిన సినిమా గురించి చెప్పి, "చిన్నమ్మా, చిన్నపిల్లల కథను ఇట్ల చేయొచ్చా?" అని అడిగింది. ఆ ఎలుగుబంటి కథల పుస్తకం 1926 నాటిది. 2022 జనవరి 1 నుంచి అమెరికాలో దానిపై కాపీరైటు లేదు కనుక, 2023లో వచ్చిన ఆ సినిమా తీయడానికి చట్టం అడ్డు రాలేదు. చేయవచ్చుననే చెప్పాను. అయితే ముద్దొచ్చే జంతువు చేతికి ఆయుధం ఇచ్చినంత మాత్రాన కథలోని భయం బయటికి రాదని, ఆ భయం కథలో ముందునుంచే ఉండాలని నా గట్టి నమ్మకం.

జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించాలనుకున్నది కన్నతల్లే. 1819 కూర్పులో వాళ్లే ఆమెను సవతి తల్లిగా మార్చారు. చివర్లో రాణి ఎర్రగా కాలిన ఇనుప చెప్పులు తొడుక్కొని చచ్చేదాకా నాట్యం చేసే ఘట్టాన్ని మాత్రం అలాగే ఉంచారు. కాలిన ఇనుమును పిల్లలకు చెప్పడానికి వెనుకాడనివారు కన్నతల్లి పగను దాచవలసి వచ్చిందంటే, ఆ కథలో అసలు భయం ఎక్కడుందో వారికి తెలిసే ఉంటుంది. ఆ కథను మళ్లీ చీకటిలోకి తీసుకుపోదలచినవారు రక్తాన్ని పెంచడం కన్నా ఆ తల్లిని తిరిగి ఇంట్లోకి తీసుకురావడం మేలు.

మన ఏడు చేపల కథ గురించి సాయంత్రమంతా ఆలోచించాను. ఏడుగురు రాజకుమారులు వేటకు వెళ్లి ఏడు చేపలు తెస్తే, ఆరు ఎండి ఒకటి ఎండలేదు. చచ్చిన చేపను ఎందుకు ఎండలేదని నిలదీస్తే అది నోరు విప్పి జవాబు చెబుతుంది. నేరం గడ్డిమేటు మీదికి, ఆవు మీదికి, జీతగాడి మీదికి, అవ్వ మీదికి, ఏడ్చే పిల్లవాడి మీదికి జరుగుతూ పోయి, చివరికి చీమ దగ్గర ఆగుతుంది. చంపి తెచ్చిన రాజకుమారులను మాత్రం ఎవరూ ఏమీ అడగరు. ఇంతకన్నా చీకటి కథ నాకు మరొకటి తెలియదు.

అందుకే ఆ కథను నా పద్ధతిలో తిరగరాస్తూ, దాన్ని రాజమహలులో కాక, వెట్టి నడిచిన రోజుల్లో మన జిల్లాలోని ఒక దొర గడిలో, అంటే కోటలాంటి ఇంట్లో పెట్టాను. ఎత్తైన గోడలు, లోపలి గదుల్లో ధాన్యం వాసన, ముంగిట్లో తడి ఆరని ఒకే ఒక్క చేప. అడిగే గొంతు ప్రతిసారీ గడి లోపలినుంచే వస్తుంది, ముఖం కనిపించదు. 1946లో మొదలైన తెలంగాణ సాయుధ పోరాటానికి ముందు ఇక్కడి పల్లెల్లో ఆ గొంతుకు ఎదురు చెప్పడమంటే ఏమిటో పెద్దలు చెప్పగా విన్నవారికి దయ్యాన్ని వేరుగా చూపనక్కరలేదు.

బంగారు పుట్టలో ఏముందో కూడా చూపించమని పాప పట్టుబట్టింది. నేను ఒప్పుకోలేదు, ఎందుకంటే "నా పుట్టలో వేలు పెడితే కుట్టనా" అన్న చీమ మాట ఆ వరుసలో తప్పును ఇంకొకరి మీదికి నెట్టని ఒకే ఒక్క జవాబు, దానికి వివరణ తోడైతే బలం పోతుంది. జీతగాడి వంతు ఇంకా రాయలేదు. అతను ఆకలితో ఉన్నాడు కనుక ఎక్కువ మాట్లాడించను. "అవ్వ బువ్వ పెట్టలేదు" అన్న ఆ పాత మాటనే ఉంచి, దానికి ముందు గడి తలుపు దగ్గర అతన్ని ఎంతసేపు నిలబెట్టారో ఒక పేజీ రాస్తాను.