హిందీ అంకెలు నాకు ఎలా పట్టుబడ్డాయంటే

ఇందోర్‌లో గోదాము ఉద్యోగంలో చేరిన రెండో వారమే దెబ్బ తగిలింది. ఫోన్లో అవతలి షాపాయన "ఉన్‌హత్తర్ పేటీ" అన్నాడు, నేను 69కి బదులు 79 రాసేశాను. పది పెట్టెలు ఎక్కువ వెళ్లాయి, వాటిని వెనక్కి తెప్పించే కిరాయి మా మీదే పడింది. హిందీ బాగానే మాట్లాడతాను కానీ ఇరవై దాటిన అంకె వినబడితే టెన్షనే. మనకి ఇరవై, ముప్పై తెలిస్తే చాలు, పక్కన ఒకటీ రెండూ చేర్చుకుంటూ పోతాం. అక్కడ వంద దాకా దాదాపు ప్రతిదానికీ విడిగా ఒక మాట.

గోడకి చార్ట్ అంటించి నెల రోజులు వరసగా బట్టీ పట్టాను. మధ్యలోంచి ఎవరైనా అడిగితే మళ్లీ మొదటినుంచి చెప్పుకుంటూ రావాల్సి వచ్చేది.

ఒకరోజు అమ్మ ఫోన్ చేసి "రేపు ఏకాదశిరా" అంది. సంస్కృతంలో పదకొండు ఏకాదశ, హిందీలో అదే గ్యారహ్. ద్వాదశ, బారహ్. త్రయోదశ, తేరహ్. సంస్కృతానికీ హిందీకీ మధ్య నడిచిన ప్రాకృతం మీదుగా వచ్చేసరికి దశలోని ద కాస్తా ర అయింది, శ హ అయింది. చతుర్దశలో మాత్రం పక్కనున్న రేఫ, అంటే ర్, కలిసిపోయి ద్ద అయి గట్టిపడింది కాబట్టి చౌదహ్‌లో ద నిలబడింది. షోడశోపచారాల షోడశ సోలహ్, షష్టిపూర్తిలోని షష్టి సాఠ్! ఇవన్నీ మన ఇళ్లలో ఉన్న మాటలే అని తెలిశాక ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

చార్ట్ తీసేసి, పదుల వరసలో కాకుండా ఒకట్ల వరసలో రాసుకున్నాను. రెండు, అంటే ద్వి, 12, 22 నుంచి 92 దాకా ఈ అంకెల్లో బ అయింది: బారహ్, బాయీస్, బత్తీస్, బయాలీస్, బావన్, బాసఠ్, బహత్తర్, బయాసీ, బానవే. తల ఒకట్లు చెబుతుంది, తోక పదులు చెబుతుంది. సత్తర్ తోకగా చేరితే హత్తర్ అవుతుంది, ఇక్కడా అదే స, హ మార్పు.

నన్ను దెబ్బతీసిన ఉన్ మన న్యూనతలో ఉన్న ఊనే, తక్కువ అని అర్థం. ఏకోనవింశతి, అంటే ఒకటి తక్కువ ఇరవై, ఉన్నీస్ అయింది. అలాగే ఉన్‌హత్తర్ ఒకటి తక్కువ డెబ్బై. 89, 99 మాత్రం ఈ దారిలో రావు, నవాసీ, నిన్యానవే అని తొమ్మిదిని చేర్చుకునే నడుస్తాయి.

మండీలో "పౌనే దో సౌ" అంటే 175 అని అర్థమయిందీ ఈ ఊన వల్లే. పౌనే అంటే పాదోన, పావు తక్కువ, ఇక్కడ రెండు వందలకి వందలో పావు తక్కువ. మనం గడియారం చూసి పావు తక్కువ రెండు అనమూ? అన్నిటికంటే నాకు నచ్చింది ఢాయీ. దాని మూలం అర్ధతృతీయ, మూడోది సగమే, కాబట్టి రెండున్నర.

ఆర్డర్ రాసుకునేటప్పుడు ఇప్పటికీ "ఛే నౌ, ఉన్‌హత్తర్, కదా?" అని అడిగే రాస్తాను. ఈమధ్య కర్నూలు నుంచి ఒక కుర్రాడు మా గోదాములో చేరాడు, ఈ వారం అతనికి బ వరస ఇచ్చాను.