కిడ్నీ తీసేశాక ఇంటి దగ్గర – నా అనుభవం

ఆపరేషన్ ఎలా చేస్తారో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గానీ ఇంటికొచ్చాక ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు తక్కువ, అందుకే రాస్తున్నా. నాకు 54 ఏళ్ళు, తెనాలి దగ్గర కిరాణా కొట్టు. గ్యాస్ ట్రబుల్ అని స్కానింగ్ తీయించుకుంటే ఎడమ కిడ్నీలో 5 సెంటీమీటర్ల క్యాన్సర్ గడ్డ బయటపడింది. అప్పటిదాకా నొప్పి లేదు, యూరిన్‌లో రక్తం లేదు, ఏమీ లేదు. గడ్డ 4 సెంటీమీటర్ల లోపుంటే మామూలుగా దాని వరకే కోసి కిడ్నీని ఉంచేస్తారంట, నాది మధ్యలో రక్తనాళాల పక్కనే ఉండేసరికి మొత్తం తీసేయాల్సొచ్చింది. లాప్రోస్కోపీయే, కడుపు మీద చిన్న చిన్న రంధ్రాలు, కిడ్నీ బయటికి తీయడానికి కింద ఒక పెద్ద కోత.

ఇంటికొచ్చిన మొదటి రాత్రి కోత కన్నా భుజం నొప్పి ఎక్కువ చంపేసింది. కోసింది కడుపు, నొప్పి భుజంలో ఏంటి, గుండె ఏమన్నానా అని మా ఆవిడ కంగారుపడి హాస్పిటల్‌కి ఫోన్ చేసింది. లాప్రోస్కోపీకి కడుపులో గ్యాస్ నింపుతారు కదా, మిగిలింది పైకెళ్ళి డయాఫ్రమ్‌ని, అంటే ఊపిరితిత్తుల కింద ఉండే కండరాన్ని, ఒత్తితే భుజంలో తెలుస్తుందంట, ఛాతీ పట్టేసినట్టున్నా ఆయాసం వచ్చినా మాత్రం వెంటనే రమ్మన్నారు, లేకపోతే లేచి నడవమన్నారు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి గోడ పట్టుకుని నడుస్తూనే ఉన్నా, రెండు మూడు రోజుల్లో పోయింది.

లేవడం ఒక విద్య అండి. వెల్లకిలా పడుకున్నవాడు తిన్నగా లేవబోతే కోత దగ్గర ప్రాణం పోతుంది. ముందు పక్కకి తిరగాలి, కాళ్ళు మంచం కిందికి దించాలి, మోచేయి ఆనించి లేవాలి. దగ్గొస్తే దిండు కడుపుకి గట్టిగా అదిమి పట్టుకుని దగ్గాలి. ఇంకోటి, మాది పాత ఇల్లు, కింద కూర్చునే బాత్రూమే, పెద్దవాళ్ళకి వాడే కమోడ్ కుర్చీ ముందే తెచ్చిపెట్టుకోబట్టి బతికిపోయా. నొప్పికిచ్చే ట్రామడాల్ లాంటి వాటికి మోషన్ బిగుసుకుపోతుంది, ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది, సిరప్ రాసిస్తారు, మొహమాటం లేకుండా అడగండి.

ఇక పథ్యం. మా అమ్మకి ఎనభై దగ్గర, ఆమె మాటంటే ఇంట్లో సుప్రీంకోర్టు. పప్పు తింటే చీము పడుద్ది, గుడ్డు వద్దు, వంకాయ వద్దు, బీరకాయా కారప్పొడీ తిను చాలు అంటుంది. హాస్పిటల్‌లో డైటీషియన్ ఏమో పుండు మానాలంటే ప్రొటీన్ కావాలి, పప్పూ గుడ్డూ పెరుగూ మామూలుగా తినండి, ప్రొటీన్ పౌడర్లు మాత్రం వద్దు, ఉప్పు తగ్గించండి అంది. అమ్మతో వాదించి గెలవడం అయ్యేపని కాదు కాబట్టి మా ఆవిడే డాక్టర్ గారికి ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది. "అమ్మా, మీ అబ్బాయికి పప్పు నేనే పెట్టమన్నా" అన్నాడాయన. ఆ రోజు నుంచి పప్పు వచ్చింది, వంకాయ మాత్రం ఇంకా రాలేదు.

చూడటానికొచ్చిన ప్రతివాళ్ళూ "కీమో ఎప్పుడు?" అనే. కిడ్నీ క్యాన్సర్‌కి మామూలు కీమో పెద్దగా పనిచేయదంట. నాది బయటికి పాకలేదని బయాప్సీ రిపోర్టులో వచ్చింది కాబట్టి వేరే మందులేం లేవు, స్కాన్లతో చూసుకుంటూ ఉండటమే, పాకిన వాళ్ళకైతే టార్గెటెడ్ మాత్రలూ ఇమ్యూనోథెరపీ ఇంజెక్షన్లూ ఉన్నాయన్నారు. రిపోర్టు వచ్చేదాకా మాత్రం నాకు నిద్ర లేదు, అది వేరే సంగతి.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాల్సింది పెయిన్ కిల్లర్ల గురించి. నడుం పట్టేసిందని ఒకరోజు మా బావమరిది వీధి చివర ఆర్‌ఎంపీని తీసుకొచ్చాడు, ఆయన వస్తూనే సిరంజిలోకి మందు లాగేస్తున్నాడు. ఏం మందండీ అంటే "డైక్లోఫెనాకే, క్షణంలో తగ్గిద్ది" అన్నాడు. నాకున్నది ఒక్క కిడ్నీ, ఆ మందు వద్దండీ అని చెప్పి పారాసెటమాల్ వేసుకున్నా. ఆయన మొహం మాడ్చుకున్నాడు, మాడ్చుకోనీ. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్, ఇవి కిడ్నీని దెబ్బతీయగలవు, కానీ ఏ మెడికల్ షాపులో అడిగినా చేతిలో పెట్టేస్తారు, మనకే తెలిసుండాలి. కషాయాలూ నాటు మందులూ కూడా అంతే, అందులో ఏముందో ఇచ్చేవాడికే తెలీదు. స్కాన్‌లో స్పష్టంగా కనబడటానికి ఇచ్చే కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కి ముందు కూడా ఒకే కిడ్నీ అని చెప్పాలి.

కిడ్నీ ఎలా పనిచేస్తుందో చూసే రక్తపరీక్ష క్రియాటినిన్ ఆపరేషన్‌కి ముందు 0.9, తర్వాత 1.4 అయింది. ఆ అంకె చూసి కళ్ళు తిరిగాయి, ఒక కిడ్నీ తీశాక అంత పెరగడం మామూలేనని, మిగిలింది మెల్లగా అలవాటు పడుతుందని చెప్పారు. ఈ మధ్య చేయిస్తే 1.3. బీపీ మాత్రం ఇంట్లోనే మిషన్ పెట్టుకుని రాసుకుంటున్నా.

ఆరు వారాలు బరువులు వద్దన్నారు, 5 కిలోలు కూడా ఎక్కువే అన్నారు, కొట్లో ఉండేవే 25 కిలోల బియ్యం బస్తాలు. గల్లా పెట్టె దగ్గర కూర్చుని మా ఆవిడ అన్నీ చూసుకుంటుంటే చూస్తూ కూర్చోవడం కోత నొప్పి కన్నా కష్టంగా ఉండేది. గడువైపోయింది గానీ ఇప్పటికీ బస్తాలు దింపడానికి కుర్రాడొస్తున్నాడు, కోత చుట్టూ తిమ్మిరి అలాగే ఉంది, సాయంత్రానికి ఒళ్ళు వాలిపోతుంది. వచ్చే నెల సీటీ స్కాన్ ఉంది.