మొదటి వారం లక్ష్యం రాయనివ్వని నోటుబుక్కు

మన బడి యూత్ లీడర్‌షిప్ క్లబ్బులో చేరినవాళ్లకు మొదట చేతికొచ్చేది 100 పేజీల రూళ్ల నోటుబుక్కు. ఎవరికి వాళ్లు ఒక లక్ష్యం పెట్టుకుని, అందులో అంకెలు రాసుకుంటూ పన్నెండు వారాలు పని చేస్తారు. బ్యాడ్జీ ఆ తర్వాతి మాట. అట్ట మీద పేరు, తరగతి, తేదీ రాసుకోవచ్చు గానీ లోపలి మొదటి పేజీని ఎనిమిదో రోజు దాకా ముట్టుకోవద్దు. "ముందు కొలవుండ్రి, ఆ తర్వాత రాయుండ్రి" అనేవారు క్లబ్బు చూసే సారు. ఇప్పుడు క్లబ్బు నడుపుతున్న టీచర్లు ఆ పద్ధతి మొత్తం పాత విద్యార్థులు రాసే ఈ సంచికలో రాసిపెట్టమన్నారు. వార్షికోత్సవాలు, మైదానం యాదులు మిగతా దోస్తులు ఎలాగూ రాస్తారు.

మొదటి రోజే లక్ష్యం రాయమంటే పిల్లలు కోరికలు రాస్తారు. "ఇంగ్లీషు మంచిగ మాట్లాడాలె", "కోపం తగ్గించుకోవాలె", "పొద్దున్నే లేవాలె". ఇవి తప్పని కాదు, వీటి మీద పని చెయ్యడానికి పట్టు దొరకదు. అందుకే మొదటి వారమంతా కొలతలే. ఇంగ్లీషు అన్నవాళ్లు పేపర్‌లో ఏదో ఒక వార్త తీసుకుని వంద మాటలు గట్టిగా చదవాలి, పక్కనున్నవాళ్లు ఎన్ని చోట్ల ఆగారో లెక్కపెట్టాలి. దస్తూరి అన్నవాళ్లు పది నిమిషాల్లో ఎన్ని వరుసలు రాయగలరో, అందులో వేరేవాళ్లు చదవలేని మాటలెన్నో చూసుకోవాలి. ఫోన్ తగ్గించుకుంటామన్నవాళ్లకు పని తేలిక. సెట్టింగుల్లోకి పోతే రోజుకు ఎన్ని గంటలో ఫోనే చెబుతుంది. ఆ అంకె చూసి చాలామంది అక్కడే లక్ష్యం మార్చుకునేవారు, అది వేరే సంగతి.

కొలత మూడు వేర్వేరు రోజుల్లో తీసి, మూడింట్లో నడిమిది రాసుకోవాలి. పిల్లలు సహజంగా బాగా వచ్చిన రోజుదే రాస్తారు. అక్కడే దెబ్బ పడుతుంది. మంచి రోజు కొలతను మొదలుగా పెట్టుకుంటే, నాలుగో వారం మామూలు రోజున చూసుకున్నప్పుడు ఏమీ పెరగనట్టు, ఒక్కోసారి తగ్గినట్టు కూడా కనిపిస్తుంది. సగంలో ఆగిన నోటుబుక్కులు ఎక్కువగా ఆ నాలుగో వారం దగ్గరే ఆగేవి. బద్ధకం అని తిట్టేవాళ్లు గానీ చాలావాటికి కారణం మొదటి వారంలోనే ఉండేది.

ఎనిమిదో రోజు మొదటి పేజీ మీద ఒకే ఒక వాక్యం రాయాలి. ఏం పని, ఇప్పుడెంత, ఎప్పటికి ఎంత, దేని తర్వాత, ఎవరు చూస్తారు అనే ఐదూ అందులోనే ఉండాలి. నమూనాగా ఇది: "రోజూ రాత్రి అన్నం తిని చెయ్యి కడుక్కున్నంక ఇంగ్లీషు పేపర్ల ఒక పేరా గట్టిగ చదువుత. ఇప్పుడు వంద మాటలకు 18 చోట్ల ఆగుతున్న, సెప్టెంబర్ 15 కల్లా 12కు తెస్త, శనివారం శనివారం పదో తరగతి అక్క చూస్తది." ఫుల్‌స్టాపులు రెండు పడ్డా ఒకే వాక్యం కిందికే లెక్క.

లక్ష్యం ఎట్లా ఉండాలో ఐదు ఇంగ్లీషు అక్షరాల్లో (SMART) గుర్తుపెట్టుకునే స్మార్ట్ గోల్స్ అని ఇప్పుడు ప్రతి ట్రైనింగులో చెబుతారు. 1981లో జార్జ్ డోరన్ ఆ మాట రాసింది కంపెనీ మేనేజర్ల కోసం. ఆయన లెక్కలో 'ఏ' అనే అక్షరానికి అసైనబుల్ అని అర్థం, అంటే పని ఎవరికి అప్పజెప్పాలి అని. తర్వాత చాలామంది దాన్ని అచీవబుల్, అంటే సాధించగలిగేది, చేశారు. బడి పిల్లల విషయంలో పని ఎవరిదో అడగనక్కర లేదు, ఎవరిది వాళ్లదే. మన దగ్గర ఆ చోట, పని జరిగిందో లేదో వారం వారం చూసే సాక్షిని కూర్చోబెట్టారు. నా మట్టుకు మొత్తం పద్ధతిలో తెలివైన మార్పు అదే.

"దేని తర్వాత" అన్న ముక్కను తేలికగా తీసుకోవద్దు. "సాయంత్రం 6 గంటలకు" అని రాసిన లక్ష్యాలు నిలబడవు. హన్మకొండ చుట్టుపక్కల ధర్మసాగర్ నుంచో ఆత్మకూరు నుంచో వచ్చే పిల్లల బస్సు ఒక రోజు అయిదున్నరకు దింపుతుంది, ఒక రోజు ఏడుకు. ఆరు దాటిందంటే ఆ రోజుకు పని పోయినట్టే అనుకుంటారు. "బస్సు దిగి కాళ్లు కడుక్కున్నంక" అని రాస్తే బస్సు ఎప్పుడొచ్చినా పని ఉంటుంది. ఎక్కడ, ఎప్పుడు, దేని వెంట చేస్తామో ముందే ముడివేసుకుంటే పని జరిగే అవకాశం పెరుగుతుందని పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరంగా రాశారు. మన భాషలో అయితే "అయినంక" అన్న ఒక్క మాటతో ఆ ముడి పడుతుంది.

ఎంత పెంచాలన్నదానికి మోటు లెక్క ఒకటుంది. లెక్కపెట్టే పనులకు మూడో వంతు, శరీరంతో చేసే పనులకు పదో వంతు. పైన 18 నుంచి 12 అన్నది అట్లా వచ్చిందే. పరుగు దగ్గరే ఈ లెక్క ఎక్కువగా తప్పుతారు. హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో పొద్దున కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే అన్నలు, అక్కలు ఉరుకుతుంటారు. 2022 నోటిఫికేషన్‌లో మగవాళ్లకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లు, ఆడవాళ్లకు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లు అని పెట్టారు. ఎనిమిదో తరగతి పిల్లగాడు అది విని వచ్చి నేరుగా 7:15 అని రాసేస్తాడు. వాడి కొలత 9:30 అయితే పన్నెండు వారాలకు 8:35 చాలు. 7:15 కోసం పాత కాన్వాస్ బూట్లతో రోజూ నాలుగు రౌండ్లు కొడితే మూడో వారానికి మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి మొదలవుతుంది, తర్వాత మొత్తానికే మానేస్తాడు. వారానికి మూడు రోజులే ఉరకాలి, అదీ మొదటి నెల ఒక రౌండు నడక, ఒక రౌండు పరుగు. నొప్పి వస్తే ఆపాలి, ఆ వారం గడుల్లో సున్నాలు వేసుకోవాలి.

పైసల లక్ష్యానికి కూడా కొలతే ముందు. పదేళ్లు దాటినవాళ్లు పోస్టాఫీసులో తమ పేరు మీదే సేవింగ్స్ ఖాతా తెరవొచ్చు, దానికి కనీసం 500 రూపాయలు కావాలి. వారానికి 45 చొప్పున పన్నెండు వారాలకు 540 అవుతాయి. అయితే మొదటి వారం చేతిలోకి వచ్చిన ప్రతి రూపాయీ రాసుకుని చూస్తే, వారానికి వచ్చేదే 60 అయిన పిల్లలు ఉంటారు. వాళ్లు 21 రాసుకుని రెండు దఫాలుగా, అంటే దాదాపు ఏడాదిలో, ఖాతా తెరుస్తామనుకోవాలి. మూత ఉన్న డబ్బాలో వేస్తే అప్పు తీసుకున్నట్టు తీసుకుంటూనే ఉంటారు. మట్టి గల్లగురిగి మేలు, పగలగొడితే తప్ప రావు.

ఇక తేదీలు. బళ్లు జూన్ 12న తెరుస్తారు. జూన్ మూడో వారం కొలతలు మొదలుపెడితే, కొలతల వారం, ఆ పైన పన్నెండు వారాలు కలిసి సెప్టెంబర్ నడిమికి ముగుస్తాయి. ఎంగిలిపూల బతుకమ్మ రాకముందే పని అయిపోవాలి. ఆ తొమ్మిది రోజులు ఆడపిల్లలకు పొద్దున తంగేడు, గునుగు కోసుకొచ్చుడు, సాయంత్రం ఆట. అప్పుడు నోటుబుక్కు తీయమనడం అన్యాయం. చాలా ఏండ్లు నడుమ వినాయక చవితి వస్తుంది, మండపం పిల్లగాళ్లు చవితి తొమ్మిది రోజులూ సగం పనే పెట్టుకోవాలి. ఎఫ్ఏ, ఎస్ఏ పరీక్షల వారాలను ముందే ఎర్ర పెన్నుతో కొట్టేయాలి. దసరా సెలవుల తర్వాత రెండో దఫా పెడతారు, అందులోకి పదో తరగతివాళ్లను తీసుకోవద్దు. మేడారం జాతర ఉన్న ఏడు ఇంకా జాగ్రత్త. 2024లో ఫిబ్రవరి 21 నుంచి, 2026లో జనవరి 28 నుంచి జరిగింది. మన వైపు ఇండ్లల్లో నాలుగు రోజుల జాతరకు వారం పోతుంది.

21 రోజులు చేస్తే అలవాటైపోతుందని చెప్పేవాళ్లను నమ్మి మూడు వారాల ప్రాజెక్టులు పెట్టొద్దు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిపా లాలీ బృందం 96 మందిని 84 రోజులు గమనించి 2009లో వెలువరించిన అధ్యయనంలో, ఒక పని అలవాటుగా కుదురుకోవడానికి నడిమి లెక్కన 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా వచ్చింది, 84 దాటినవి లెక్కగట్టి వేసిన అంచనాలు. ఒక రోజు తప్పినంత మాత్రాన నష్టమేమీ లేదని కూడా అందులోనే తేలింది. పరుగు కాని పనులు వారానికి అయిదు రోజులు చేస్తే చాలన్న మన రూలుకు ఇది సరిపోతుంది. 84లో 60 అన్నమాట.

ఒక్కో వారానికి ఒక పేజీ. ఏడు గడులు గీసి వాటిలో టిక్కులకు బదులు అంకెలు వెయ్యాలి. కింద "అడ్డం పడ్డది" అని ఒక వరుస. అక్కడ "బద్ధకం" అని రాయనిచ్చేవారు కాదు. "లైటు లేదు", "పేపర్ తమ్ముడు చింపిండు", "ట్యూషన్ ఆలస్యమైంది" అని రాస్తే మరుసటి వారం దాన్ని సరిచేసుకోవచ్చు. బద్ధకాన్ని ఏం సరిచేస్తారు?

సాక్షిగా అమ్మానాన్నలు వద్దు. తిడతారన్న భయంతో పిల్లలు అబద్ధపు అంకెలు వేస్తారు. పక్కబెంచీ దోస్తు అసలే వద్దు, శుక్రవారం సాయంత్రం ఇద్దరూ కలిసి ఏడు గడులూ నింపేస్తారు. పై తరగతిలో ఏడాది ముందు ఈ పని పూర్తిచేసినవాళ్లు సరైనవాళ్లు. లీడర్‌షిప్ క్లబ్బులో ఎవరి లక్ష్యం వాళ్లు చూసుకునే పని ఎందుకని అడిగేవాళ్లకు జవాబు కూడా ఇక్కడే ఉంది, రెండో ఏడు వాళ్ల పని ఇదే. శనివారం అయిదు నిమిషాలు. గడులు చూడాలి, ఏదో ఒక రోజు పని చేసి చూపించమనాలి, సంతకం పెట్టాలి. సలహాలు ఇవ్వొద్దు, అడిగితే తప్ప. ఏడు రోజులూ ఒకే సిరా, ఒకే ఒత్తుతో ఉన్నా, మూడు వారాల్లో ఒక్క గడీ ఖాళీ లేకున్నా అనుమానించాలి. నిజంగా చేసిన నోటుబుక్కు అంత శుభ్రంగా ఉండదు.

ఆరో వారం చివర ఒక్కసారి అంకె మార్చుకోవచ్చు, పని మార్చుకోవద్దు. 12 అన్నది అందదనిపిస్తే 14 రాసుకుని, పక్కన ఎందుకో ఒక ముక్క రాసి, సాక్షితో సంతకం పెట్టించుకోవాలి. ఈ వెసులుబాటు లేని ఏడాదే ఎక్కువమంది మానేస్తారు.

చివరి కొలత మొదటి కొలత లాగే తీయాలి. జూన్‌లో మధ్యాహ్నపు ఎండలో ఉరికినవాణ్ని సెప్టెంబర్‌లో పొద్దున ఆరింటికి ఉరికిస్తే నిమిషం దానంతటదే తగ్గుతుంది. అదే వేళ, అదే ట్రాక్, మళ్లీ మూడు రోజులు, మళ్లీ నడిమిది. ఇంగ్లీషు పేరా మాత్రం కొత్తది ఇవ్వాలి, పాతది బట్టీ వచ్చి ఉంటుంది.

ముప్పై మందికి ముప్పై నోటుబుక్కులు, రెండు స్టాప్‌వాచీలు, గోడకు ఒక పెద్ద క్యాలెండర్, బీరువాలో ఒక అర చాలు. ఫోన్‌లో రాసుకుంటామని పిల్లలు అడుగుతారు, ఒప్పుకోవద్దు. ఫోన్‌లో అంకె మార్చితే పాతది కనబడదు. నోటుబుక్కులో 9 కొట్టేసి 6 వేస్తే శనివారం సాక్షి కంటికి ఆ 9 కూడా కనబడుతుంది.