బూందీకి ఆపరేషన్ ఇప్పుడే వద్దనుకున్నాం

మా కుక్క బూందీకి తుంటి ఎక్స్‌రే తీయడానికి మత్తు ఇవ్వాలి, రాత్రి నుంచి ఏమీ పెట్టొద్దన్నారు. తొమ్మిది నెలల ల్యాబ్రడార్‌ని పస్తు ఉంచడమంటే ఇంటిల్లిపాదికీ శిక్షే. పొద్దున్నే ఖాళీ గిన్నెని మూతితో తోసుకుంటూ నా వెనకే తిరిగింది.

పైకి లేచేటప్పుడు ముందు కాళ్ళ మీద బరువంతా వేసి, వెనక భాగాన్ని ఈడ్చుకుంటూ లేస్తుంది. మెట్లెక్కేటప్పుడు వెనక కాళ్ళు రెండూ ఒకేసారి ఎత్తి గెంతుతుంది. అందరం అదో ముద్దు అనుకున్నాం. ఈమధ్య బంతి విసిరితే సగం దూరం వెళ్ళి కూర్చుంటుంటే అప్పుడు టెన్షన్ పట్టుకుంది.

మత్తులో ఉండగా డాక్టరుగారు దాని మోకాలు పట్టుకుని తొడని పైకి నొక్కి, మెల్లగా పక్కకి తిప్పారు. ‘‘ఇక్కడ చెయ్యి పెట్టండమ్మా’’ అన్నారు. జారిన తుంటి కీలు టక్కున మళ్ళీ లోపలికి పడటం నా అరచేతికి తెలిసింది. ఎక్స్‌రే కంటే ఆ ‘టక్కు’కే నాకు ఎక్కువ భయం వేసింది. తొడ ఎముక తల లోతైన గిన్నెలో కూర్చోవాలట. దీనికి ఆ గిన్నె సాసరులా లోతు లేకుండా ఉంది. ఎడమవైపు అరుగుదల కూడా అప్పుడే మొదలైంది.

అమ్మ ఫోన్లో ‘‘మనూళ్ళో కుక్కలకి ఈ జబ్బులెక్కడివే?’’ అంది. నిజమే, ఇది ఎక్కువగా పెద్ద జాతులకి తరతరాలుగా వచ్చేదట. కొన్నప్పుడు ఇచ్చిన కాగితాల్లో దాని తాతముత్తాతల పేర్లన్నీ ఉన్నాయి గానీ, వాటిలో ఒక్కదానికైనా తుంటి ఎక్స్‌రే తీసిన దాఖలా లేదు.

ఆపరేషన్లలో రకాలున్నాయి. నాలుగైదు నెలల్లోపు చేసే చిన్న ఆపరేషన్‌కి వయసు దాటిపోయింది. కటి ఎముకని కోసి గిన్నె కోణం మార్చేది అరుగుదల మొదలవకముందే చేయాలి కాబట్టి అదీ లేదు. ఇక మిగిలినవి రెండు. తుంటి మొత్తం మార్చడం, అంటే లక్షల్లో మాట, చేసే చోట్లూ తక్కువే. రెండోది ఎముక తలని తీసేయడం. అక్కడ కండ, పీచు కణజాలం కలిసి కీలులా సర్దుకుంటాయి. బరువు తక్కువున్న కుక్కల్లో ఇది బాగా పనిచేస్తుందట. బూందీ 31 కిలోలు.

మా ఆయన ‘‘చేయించేద్దాం, ఓ పనైపోతుంది’’ అన్నారు. నాకు మనసొప్పలేదు. ఫిల్ములో అంత ఘోరంగా ఉన్నా అది ఇంకా గేటు దాకా పరిగెడుతోంది, తోక ఊపుతోంది. కోసేసిన ఎముకని మళ్ళీ పెట్టలేం. అదే మాట అడిగితే డాక్టరుగారు కూడా ఫిల్ముని కాదు, కుక్కని చూసి వైద్యం చేయాలన్నారు. ముందు బరువు తగ్గించి, వెనక కండ పెంచి, మళ్ళీ చూద్దామని ముగ్గురం ఒప్పుకున్నాం. నొప్పి పెరిగితే మాత్రం ఇక ఆలోచించేది లేదు.

అమెరికాలో 48 ల్యాబ్రడార్ పిల్లల్ని జతలుగా విడదీసి, జతలో ఒకదానికి పావువంతు తక్కువ తిండి పెట్టి చివరిదాకా చూశారట. తక్కువ తిన్నవి దాదాపు రెండేళ్ళు ఎక్కువ బతికాయి, కీళ్ళవాతమూ వాటికి ఆలస్యంగా వచ్చింది. ఇది విన్నాక మా ఆయన కూడా కాస్త మెత్తబడ్డారు.

ఇకనుంచి బంతాట బంద్. తాడు పట్టుకుని నెమ్మదిగా నడక, వీలైతే ఈత. నొప్పి ఎక్కువున్న రోజు డాక్టరు రాసిచ్చిన మాత్రే వేయాలి. మనుషుల నొప్పి మాత్రలు, ముఖ్యంగా ఐబుప్రొఫెన్, కుక్కకి విషమని గట్టిగా చెప్పారు. సాయంత్రమే హాల్లో టైల్స్ మీద రబ్బరు మ్యాట్లు పరిచాం. వాటి అంచులు కొరకడం అప్పుడే మొదలెట్టింది.

మిగిలింది పెరుగన్నం. రోజూ మధ్యాహ్నం అత్తయ్యగారు తన కంచంలోంచి దానికి నాలుగు ముద్దలు పెడతారు. ఆ మాట ఆవిడకి మా ఆయనే చెప్పుకోవాలి, నేను చెప్పను.