ఫ్యాన్ బెల్టు ఇంట్లోనే మార్చుకున్నాను, షాపాయనతో గొడవతో సహా

గోళ్లలో మడ్డి ఇంకా వదల్లేదు, ఆ స్పేర్ పార్టుల షాపాయన మీద కోపమూ వదల్లేదు. రెండూ చల్లారకముందే రాసేస్తే ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

మాది పాత మారుతి. కొన్నాళ్లుగా పొద్దున స్టార్ట్ చేయగానే కీచుమంటోంది. హెడ్‌లైట్లు, ఏసీ కలిపి వేస్తే సందంతా లేచేలా అరుస్తుంది. సర్వీసింగ్‌కి ఇచ్చినచోట "ఆల్టర్నేటర్ బేరింగ్ పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే" అని గుండె గుభేల్‌మనే అంకె చెప్పారు. ఆల్టర్నేటర్ అంటే బ్యాటరీని చార్జ్ చేసేది, ఇంజిన్ బలంతో దాన్ని తిప్పేదే ఈ ఫ్యాన్ బెల్టు. బానెట్ ఎత్తారో లేదో కూడా నాకు అనుమానమే. ఇంటికి తెచ్చి, ఇంజిన్ ఆడుతుండగా బెల్టు లోపలి వైపు, గాడులు ఉండే వైపు, కాసిని నీళ్లు స్ప్రే చేశాను. నీళ్లు పడగానే చప్పుడు ఆగి, కాసేపటికి మళ్లీ మొదలైతే పుల్లీలు, అంటే బెల్టు చుట్టుకుని తిరిగే చక్రాలు, ఒక వరుసలో లేవన్నమాట. పడగానే చప్పుడు ఇంకా పెరిగితే బెల్టు జారుతోందన్నమాట. నాది పెరిగింది. బేరింగే పోయి ఉంటే దానికి నీళ్లతో పనేముంది? బెల్టు ధరకి, ఆల్టర్నేటర్ ధరకి ఎంత తేడా ఉంటుందో మీకే తెలుసు.

బెల్టు పగుళ్లివ్వలేదు కదా, బాగానే ఉంది అనుకునేవాళ్లకి ఒక మాట. పాతకాలం రబ్బరు బెల్టులు పగిలేవి. ఇప్పుడు ఎక్కువగా వచ్చే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు బెల్టులు పగలకుండానే అరుగుతాయి. టైరులాగా గాడుల అంచులు తరిగిపోయి, పుల్లీ మీద పట్టు పోతుంది. నా బెల్టు మీద ఒక్క పగులు లేదు, కానీ గాడులు అద్దంలా మెరుస్తున్నాయి. నా కారులో ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్లు తిప్పే వాటర్ పంపుని నడిపేది కూడా ఇదే బెల్టు. తెగితే బ్యాటరీ చార్జింగ్ ఆగడమే కాదు, ఇంజిన్ వేడెక్కి, దాని పైభాగం కింద ఉండే సీలు, అదే హెడ్ గాస్కెట్, దాకా పోతుంది. చప్పుడొస్తే బెల్టుకి స్ప్రే కొట్టే మందు ఒకటి అమ్ముతారు. దాని జోలికి పోకండి. అది దుమ్ము పట్టించి బెల్టుని ఇంకా పాడుచేస్తుంది.

విప్పడం తేలిక. ఇంజిన్ చల్లబడ్డాక బ్యాటరీ నెగటివ్ తీసేయాలి, ఎందుకంటే ఆల్టర్నేటర్ వెనక లావు వైరులో తాళం తీసినా కరెంటు ఉంటుంది. ముందు చక్రం ఎత్తి స్టాండు పెట్టాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదు. బయటుండే ఏసీ బెల్టు తీసి, ఆల్టర్నేటర్ కింది బోల్టు కొద్దిగా, పైన పొడుగు కన్నంలో ఉండే సర్దుబాటు బోల్టు ఇంకాస్త లూజు చేసి, ఆల్టర్నేటర్‌ని ఇంజిన్ వైపు నెడితే పాత బెల్టు చేతికొచ్చింది. కింది బోల్టు తుప్పు పట్టి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచండి. ఇంజిన్ లోపలి భాగాలు ఒక లెక్కలో కదిలేలా చూసే టైమింగ్ బెల్టు వేరే సంగతి, అది ఇంట్లో ముట్టుకునే వస్తువు కాదు.

ఇక అసలు తలనొప్పి.

కొత్త బెల్టు ఆటోనగర్‌లో కొన్నాను. పాత బెల్టు వీపు మీద 4పీకే అని, పక్కన ఒక అంకె ఉంది. 4 అంటే నాలుగు గాడుల బెల్టు, పక్కనున్నది పొడవు, మిల్లీమీటర్లలో. అదే నంబరు ఫోన్లో ఫొటో తీసి చూపించాను, అదే నంబరున్న అట్టకవరు చేతిలో పెట్టారు. బిల్లు అడిగితే చిత్తుకాగితం లాంటి చీటీ మీద "బెల్ట్ 1" అని గీసిచ్చారు. పైన పెద్ద అక్షరాలతో "ఎస్టిమేట్".

బెల్టు ఎక్కించి, టైరు విప్పే రాడ్డుతో ఆల్టర్నేటర్‌ని బయటికి తన్ని పట్టుకుని, మా అబ్బాయి టార్చి వేస్తుంటే పై బోల్టు బిగించాను. రాడ్డుని ఆల్టర్నేటర్ పల్చటి అల్యూమినియం పెంకుకి ఆనించకండి, పగులుతుంది. బోల్టు బిగించే లావు చెవి దగ్గర ఆనించాలి. తర్వాత రెండు పుల్లీల మధ్య పొడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూడాలి. నా మాన్యువల్‌లో 10 కిలోల ఒత్తిడికి 6 నుంచి 9 మిల్లీమీటర్లు దిగాలని ఉంది. నాది వేలు పెడితే ఊయలలా దిగుతోంది. ఎంత లాగినా అంతే. టార్చి దగ్గరికి పట్టి చూస్తే, బోల్టు పొడుగు కన్నం చివరికి వచ్చి ఆగిపోయింది. ఆల్టర్నేటర్ జరగడానికి ఇక చోటే లేదు, బెల్టు మాత్రం వదులు. స్టార్ట్ చేస్తే పాతదానికంటే ఘోరంగా అరిచింది. పక్కింటి మామ్మగారు బాల్కనీలోకి వచ్చి "బాబూ, ఎవరికైనా చూపించరాదూ" అన్నారు.

షాపుకి పట్టుకెళ్లాను. కౌంటరు దగ్గర మెకానిక్కులు, హెల్పర్ కుర్రాళ్లు నిండుగా ఉన్నారు. షాపాయన బెల్టు ముట్టుకోనైనా లేదు. నా చేతులు చూసి, "ఇవి కంప్యూటర్ చేతులు సార్. ఫిట్టింగ్ రాక సామాను బాలేదంటే ఎట్లా?" అన్నాడు. అందరూ నవ్వారు. "కొత్త బెల్టు సార్, నాలుగు రోజులు నడిపితే అదే సెట్టవుద్ది" అన్నాడు. నడిపితే బిగుసుకునే బెల్టు ఏ లోకంలో ఉందో! లోపల గట్టి దారాలు చుట్టిన బెల్టు అది, నడిపితే ఆ వదులు తీరేంతగా కుంచించుకుపోదు. అదే చెప్పబోతుంటే ఇంకో కస్టమర్ వైపు తిరిగిపోయాడు. ముఖం మాడిపోయి ఒక పక్కన నిలబడ్డాను. ఎండకి తల వేడెక్కిందో, అవమానానికో గానీ చెవులు మండిపోతున్నాయి.

అక్కడ బెంచీ మీద టీ తాగుతున్న ఒక పెద్ద మెకానిక్ "పాతది తెచ్చావా?" అని అడిగాడు. సంచిలోనే ఉంది. రెండూ తీసుకుని గోడకున్న మేకుకి తగిలించి, కింద రెండు చేతులతో సమానంగా లాగి పట్టుకున్నాడు. కొత్తది పాతదానికంటే బొటనవేలంత కిందికి వేలాడింది. "సాగితే పాతది సాగాల. కొత్తది పొడుగెట్లా అయింది?" అన్నాడు. అంతటితో ఆగక, బొటనవేలికి ఉమ్మి తడి చేసుకుని కొత్త బెల్టు మీద రుద్దాడు. నంబరు చెరిగి వేలికి అంటుకుంది. పాత బెల్టు ఇన్నేళ్లు ఇంజిన్ పక్కన ఉడికింది, దాని మీద అక్షరం చెక్కుచెదరలేదు.

ఇప్పుడెవరూ నవ్వలేదు. షాపాయన "స్టాకులో కలిసిపోయి ఉంటది" అని గొణిగి, లోపల్నుంచి ఇంకో కవరు తెచ్చాడు. ఒక్క సారీ లేదు. డబ్బులు వెనక్కివ్వమంటే "చీటీలో కంపెనీ పేరుందా?" అని నన్నే నిలదీశాడు. అందుకే అంటాను, జీఎస్‌టీ బిల్లు అడగడానికి మొహమాటపడేవాడు నకిలీ సామాను కొనుక్కోవడానికే వెళ్లాడని. పది రూపాయలు ఎక్కువైనా బిల్లు రాయించుకోండి, కవరు మీద ఎమ్మార్పీ చూసుకోండి, పాత సామాను పక్కన పెట్టి కొలిచాకే డబ్బులు తీయండి. బ్రేకు ప్యాడ్లు కూడా ఇలాగే అమ్ముతున్నారేమోనని నాకైతే భయమేస్తోంది. వీళ్లకి శిక్షలు పడేదాకా రోడ్డు మీద ప్రాణాలకి గ్యారంటీ లేదు.

ఆ రెండో కవరులోది నేను తీసుకోలేదు. కంపెనీ డీలరు దగ్గర కొన్నాను. ఈసారి బోల్టు కన్నం మధ్యలోనే ఉండగా టెన్షన్ కుదిరింది. కాసేపు ఇంజిన్ ఆడించి, ఆపి, చల్లారాక మళ్లీ నొక్కి చూస్తే కొంచెం వదులైంది. కొత్త బెల్టు గాడుల్లో కుదురుకునేటప్పుడు అలా అవుతుంది, మళ్లీ ఒకసారి బిగించాలి. అలాగని వీణ తీగలా బిగించకండి, వాటర్ పంపు, ఆల్టర్నేటర్ బేరింగులు పోతాయి. అప్పుడు సర్వీసింగ్‌వాళ్లు చెప్పిందే నిజమవుతుంది.

నిన్న ఏసీ, లైట్లు అన్నీ వేసుకుని గుంటూరు వెళ్లొచ్చాను, చప్పుడు లేదు. ఏసీ బెల్టు బిగించే చిన్న పుల్లీ మాత్రం చేత్తో తిప్పితే గరగరమంటోంది. దాని బేరింగు మీద నంబరు ఇంకా కనిపిస్తోంది, రాసిపెట్టుకున్నాను. వచ్చే ఆదివారం ఆ పని, బేరింగు మాత్రం వేరే షాపులో.