‘చేశాం’ నుంచి ‘చేశాను’ దాకా: నా ప్రొఫెసర్ ఫైలు

అర్హత వచ్చిన నాలుగేళ్లకు గానీ నేను ప్రొఫెసర్ ప్రమోషన్‌కు అప్లై చేయలేదు. ఎవరూ ఆపలేదు. ‘ఇంకో రెండు పరిశోధన పేపర్లు పడనీ’ అనుకుంటూ నేనే వాయిదా వేసుకుంటూ వచ్చాను. నాతోపాటు చేరిన సహోద్యోగి, నాకంటే మూడు పేపర్లు తక్కువున్నా, అర్హత వచ్చిన నెలలోనే ఫైలు పెట్టి ప్రొఫెసర్ అయిపోయాడు. అతని తప్పేం లేదు. గడువు తేదీ చూసుకున్నాడు, అంతే.

2018లో డోనా స్ట్రిక్‌లాండ్‌కు ఫిజిక్స్ నోబెల్ వచ్చేనాటికి ఆమె వాటర్లూ యూనివర్సిటీలో అసోసియేట్ ప్రొఫెసరే. ఇంకా ప్రొఫెసర్ ఎందుకు కాలేదని అడిగితే, అప్లై చేయలేదని చెప్పారామె. అది చదివి మొదట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వు పోయింది. నాకు నోబెల్ ఎలాగూ రాదు, కాబట్టి నన్ను ఆ ప్రశ్న అడిగేవాళ్లు కూడా ఉండరు. మర్నాడే ఫారం డౌన్‌లోడ్ చేశాను.

మొదటి డ్రాఫ్ట్ తీసుకెళ్లి, రిటైరైన మా సీనియర్ మేడమ్‌కు చూపించాను. పరిశోధన గురించి ఆవిడ ఒక్క మాట అనలేదు. ఎర్ర పెన్ను తీసి క్రియాపదాల కింద గీతలు గీస్తూ పోయారు. ‘ప్రాజెక్టు తెచ్చాం’, ‘కొత్త కోర్సు తయారుచేశాం’, ‘ల్యాబ్ ఏర్పాటైంది’.

“ఏర్పాటైందంటే ఏంటమ్మా? దానంతటదే లేచి నిలబడిందా?” అన్నారు.

ఇంటికొచ్చి పదకొండు పేజీల్లోనూ ‘చేశాం’ అన్నచోటల్లా ‘చేశాను’ అని మార్చడం మొదలుపెట్టాను. నిజంగా నలుగురం కలిసి చేసిన పని దగ్గర అందులో నా వంతు ఏమిటో విడిగా రాశాను. సొంత డబ్బా కొట్టుకుంటున్నట్టు ఒకటే ఇబ్బంది. ఒక పేజీ దిద్దడానికి ఒక సాయంత్రం పట్టేది. ల్యాబ్ విషయమైతే మూడుసార్లు మార్చి, మళ్లీ ‘ఏర్పాటైంది’కే వచ్చి, చివరికి కళ్లు మూసుకుని ‘ఏర్పాటు చేశాను’ అని కొట్టేశాను.

అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఫారంలో పబ్లికేషన్లకు ఎన్ని పేజీలైనా జతచేయొచ్చు. ‘సంస్థాగత సేవలు’ అన్నదానికి మాత్రం ఆరు లైన్ల డబ్బా. ఆరేళ్ల క్యాలెండర్ తీసి లెక్క వేశాను. పరీక్షల టైమ్‌టేబుల్, అడ్మిషన్లు, విద్యార్థినుల ఫిర్యాదుల కమిటీ, సెమినార్‌కు అతిథుల బస... మొత్తం పద్నాలుగు కమిటీలు తేలాయి. వాటిలో పదకొండింటికి మినిట్స్ (సమావేశాల్లో ఏం జరిగిందో) రాసింది నేనే. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో జీవశాస్త్రవేత్త నాన్సీ హాప్‌కిన్స్ 1990లలో టేపు పట్టుకుని ల్యాబుల స్థలాలు కొలిచారు. సీనియర్ మహిళలకు తక్కువ చోటు దక్కిందని తేలింది. 1999లో అక్కడి నివేదిక ఆ వివక్షను ఒప్పుకుంది. నా దగ్గరున్న టేపు ఈ క్యాలెండరే.

‘ఆడవాళ్లకు ఓపిక ఎక్కువ, అందుకే ఈ పనులు వాళ్లకు’ అంటారు కదా, అది నేనూ నమ్మేదాన్ని. 2017లో వచ్చిన ఒక ఆర్థికశాస్త్ర పరిశోధన చదివాక ఆ నమ్మకం పోయింది. ఎవరికీ ఇష్టం లేని పనికి, ఆడా మగా కలిసి కూర్చున్న గుంపులో ఆడవాళ్లే ఎక్కువగా ముందుకొచ్చారు. గుంపులో అందరూ మగవాళ్లే అయినప్పుడు మాత్రం వాళ్లూ ఆడవాళ్ల గుంపుతో సమానంగా ముందుకొచ్చారు. అంటే ఓపిక అందరికీ ఉంది. పక్కన ఆడమనిషి ఉంటే దాన్ని బయటికి తీయరు, అంతే.

ఆరు లైన్లలో పట్టనిదంతా అనుబంధంగా పెట్టాను: ఏ పని, ఎన్ని గంటలు, ఫలితం ఏమిటి.

ప్రసూతి సెలవు విషయంలో మాత్రం తప్పు చేయబోయాను. ఆ రెండేళ్లలో ఒక్క పేపరూ లేదు. అది కనబడకుండా సంవత్సరాల వరుస కాకుండా అంశాల వరుసలో పబ్లికేషన్లు సర్దాను. మేడమ్ పట్టేశారు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ కొన్ని గ్రాంట్లలో తల్లులకు ఒక్కో బిడ్డకు 18 నెలల చొప్పున అర్హత గడువు పెంచుతుందని చెప్పి, “వాళ్లు లెక్కలో రాసుకునేదాన్ని నువ్వు దాచడమేంటి?” అన్నారు. మా దగ్గర అలాంటి నిబంధన లేదు. అయినా సెలవు తేదీలతో ఒక్క లైను రాశాను. క్షమాపణలు, వివరణలు ఏమీ పెట్టలేదు.

ఇంటర్వ్యూ బోర్డులో ఐదుగురు, అందులో ఒక్కరు మహిళ. పేపర్ల మీద ప్రశ్నలు బాగానే సాగాయి. చివర్లో ఒకాయన, “రేపు డిపార్ట్‌మెంట్ హెడ్ బాధ్యత వస్తే ఇల్లు ఎలా చూసుకుంటారమ్మా?” అన్నారు. ఈ ప్రశ్నకు వారం ముందే జవాబు తయారు చేసుకున్నాను: ‘మిగతా అభ్యర్థులను కూడా అడుగుతున్నారా సార్?’ అని. అద్దం ముందు ప్రాక్టీస్ కూడా చేశాను. తీరా నోట్లోంచి వచ్చింది, “సర్దుకుంటాను సార్”. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే మంట.

బోర్డులోని ఆవిడ కాగితాల్లోంచి తలెత్తలేదు. ఎందుకో ఆవిడ ఏదైనా అంటారనుకున్నాను. 2012లో అమెరికాలో ఒకే బయోడేటాను కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో 127 మంది సైన్స్ అధ్యాపకులకు పంపితే, జెన్నిఫర్‌కు సామర్థ్యం తక్కువని, జీతం కూడా తక్కువని వేశారు. మహిళా అధ్యాపకులూ అలాగే వేశారు. అది తెలిసి కూడా ఆ రోజు ఆవిడ వైపే చూశాను.

ఐదు నెలలకు ఆర్డర్ వచ్చింది. రెండుసార్లు చదివాక కనబడింది, నా పేరు ముందు ‘మిస్టర్’ అని. కింద ‘అతని సేవలను గుర్తిస్తూ’ అని కూడా ఉంది. సెక్షన్‌లో అడిగితే, “ప్రొఫెసర్ ఆర్డర్‌కు ఫార్మాట్ అదే మేడమ్, పాతది” అన్నారు. దిద్దిన కాపీ కోసం అర్జీ పెట్టాను. మూడు వారాలు పట్టింది.